మడికొండ, హైదరాబాద్, అవుట్‌సోర్సింగ్: సౌకర్యాల లెక్కలో ఏ ఆఫర్ మేలు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హన్మకొండలో అమ్మానాన్నలతో సొంతింట్లో ఉంటున్నారు, ఇంకా పెళ్లి కాలేదు, ఇదే మొదటి కొలువు. చేతిలో మూడు ఆఫర్లున్నాయి. ఊరి పక్కనే మడికొండలో ఒక ప్రైవేటు కంపెనీ ఏడాదికి రూ.4.20 లక్షల సీటీసీ (జీతం, పీఎఫ్, ఇన్సూరెన్సు అన్నీ కలిపి కంపెనీ మీ మీద పెట్టే మొత్తం) ఇస్తామంది, ఇన్సూరెన్సులో తల్లిదండ్రులకూ కవర్ ఉంది. హైదరాబాద్‌లో ఇంకో కంపెనీ రూ.5.40 లక్షలు, ఉచిత క్యాబ్, ఉచిత భోజనం అంటోంది. మూడోది ఇక్కడే ఒక సర్కారు ఆఫీసులో ఏజెన్సీ ద్వారా నెలకు రూ.22,750. సింగరేణిలో ఉన్న బాబాయికి క్వార్టరు, లాభాల వాటా, రైల్వేలో చేరిన దోస్తుకు పాసులు ఉన్నాయి, ఒకే చదువు చదివిన మాకు ఇంత తేడా ఎందుకు, ఈ సౌకర్యాలకు విలువ ఎట్లా కట్టాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, మీరు పెట్టిన వివరాల ప్రకారం మీ ఇంటి పరిస్థితికి మడికొండ ఆఫరే మేలు. హైదరాబాద్ ఆఫర్‌లోని వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చే భాగం) మొత్తం వచ్చినా అది దీన్ని దాటదు, కాకపోతే అప్పుడు తేడా స్వల్పమే. అవుట్‌సోర్సింగ్‌ది మూడో స్థానం, అది కూడా చాలా దూరంలో. పని నేర్చుకోవడం, రెండేళ్ల తర్వాత ఎక్కడికి మారగలరు అనేవి వేరే లెక్క. ఆ కారణంతో హైదరాబాద్ వెళ్తానంటే వెళ్లండి, క్యాబ్, భోజనం చూసి మాత్రం వెళ్లకండి.

విలువ కట్టడానికి ఒక్కటే సూత్రం: ఆ సౌకర్యం లేకపోతే మీ జేబులోంచి ఎన్ని పైసలు పోయేవి? అంతే దాని విలువ. కంపెనీకి ఎంత ఖర్చయింది అనేది మీకు అనవసరం. జిమ్ సభ్యత్వానికి కంపెనీ నెలకు రెండు వేలు కట్టొచ్చు, మీరు వెళ్లకపోతే దాని విలువ సున్నా.

ఇంకో సంగతి. ఆఫర్ లెటర్‌లో సౌకర్యాలని రాసినవాటిలో సగం సౌకర్యాలే కావు. పీఎఫ్ (భవిష్య నిధి), గ్రాట్యుటీ (చేసిన సర్వీసుకు కొలువు మానేటప్పుడు ఇచ్చే మొత్తం), ఈఎస్ఐ (తక్కువ జీతగాళ్ల వైద్య బీమా), సంపాదిత సెలవులు, ప్రసూతి సెలవు చట్టం ప్రకారం ఇచ్చి తీరాల్సినవి. వాటిని బెనిఫిట్స్ అని బుల్లెట్ పాయింట్లలో పెట్టే కంపెనీని చూసి మురిసిపోవద్దు. రెండో రకం ఒప్పందంలో రాసినవి: తల్లిదండ్రులకు ఇన్సూరెన్సు, పూర్తి బేసిక్ (మూల జీతం) మీద పీఎఫ్, చట్టం చెప్పినదానికంటే ఎక్కువ సెలవులు. బేరీజు వేయాల్సింది వీటినే. మూడో రకం మేనేజ్‌మెంట్ దయ: భోజనం, క్యాబ్, పండుగ గిఫ్టు, వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని. ఇవి ఒక మెయిల్‌తో వస్తాయి, ఇంకో మెయిల్‌తో పోతాయి. వీటికి సగం విలువే కట్టండి.

ఇప్పుడు మీ అంకెలు. మీరు పంపిన పత్రాల్లోని నెల లెక్క ఇది.

హైదరాబాద్: సీటీసీ నెలకు 45,000. అందులో బేసిక్ 22,500, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి కిరాయి భత్యం) 9,000, స్పెషల్ అలవెన్సు 5,500, యజమాని పీఎఫ్ వాటా 1,800, గ్రాట్యుటీ 1,082, ఇన్సూరెన్సు ప్రీమియం 618, వేరియబుల్ 4,500. నెల జీతంగా కనిపించేవి మొదటి మూడే, అంటే 37,000. మీ పీఎఫ్ వాటా 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి 35,000.

మడికొండ: సీటీసీ నెలకు 35,000. బేసిక్ 17,500, హెచ్‌ఆర్‌ఏ 7,000, స్పెషల్ అలవెన్సు 7,000, యజమాని పీఎఫ్ 2,100, గ్రాట్యుటీ 842, ఇన్సూరెన్సు 558. వేరియబుల్ లేదు. మొదటి మూడు కలిపితే 31,500. మీ పీఎఫ్ 2,100, వృత్తి పన్ను 200 తీసేస్తే చేతికి 29,200.

సీటీసీలో తేడా నెలకు పది వేలు, చేతికొచ్చేదాంట్లో తేడా 5,800. హైదరాబాద్‌లో హాస్టల్ కనీసం ఎనిమిది వేలనుకుందాం. నెలకు రెండుసార్లు ఇంటికి వచ్చిపోయే చార్జీలు, ఇక్కడ రోజూ కాజీపేట మీదుగా మడికొండ వెళ్లే బండి పెట్రోలు చెల్లుకు చెల్లు అనుకోండి. ఏడాదికి హైదరాబాద్‌లో మిగిలేది 4,20,000 లోంచి 96,000 తీసేస్తే 3,24,000. మడికొండలో 3,50,400. పీఎఫ్‌లో రెండు వాటాలూ కలిపి మడికొండలో ఏడాదికి 50,400 జమైతే, అక్కడ 43,200. మొత్తమ్మీద హైదరాబాద్ 33,600 వెనక.

వేరియబుల్ 54,000 నూటికి నూరు వస్తే 20,400 ముందుకొస్తుంది. అయితే అమ్మానాన్నలకు బయట పాలసీ కొనాలి. యాభై అయిదు దాటిన ఇద్దరికి ఐదు లక్షల పాలసీ అంటే ఏడాదికి పాతిక వేలకు తగ్గడం కష్టం. అది తీసేస్తే మళ్లీ 4,600 వెనకే. ఇందులో సిటీ పైఖర్చులు కలపలేదు.

మరి ఉచిత భోజనం? హాస్టల్ ఫీజులో మూడు పూటల తిండి ఎలాగూ ఉంటుంది. మధ్యాహ్నం ఆఫీసులో తిన్నారని హాస్టల్ వాళ్లు ఫీజు తగ్గించరు. సొంతంగా గది తీసుకుని వండుకునేవాళ్లకైతే దానికి విలువ ఉంది, మీకు దాదాపు సున్నా. క్యాబ్‌కూ అంతే, ఆఫీసు పక్కనే హాస్టల్ దొరికితే దాని అవసరమే ఉండదు. క్యాబ్ రూటు, ఎక్కే చోటు, ఎన్ని కిలోమీటర్ల లోపు ఉంటేనే ఇస్తారు అనేవి లెటర్‌లో ఉండవు, అడిగి తెలుసుకోవాలి.

పన్ను మిగులుతుందని హెచ్‌ఆర్ వాళ్లు చెప్పే అలవెన్సులకూ మీ విషయంలో విలువ లేదు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 కలుపుకుని రూ.12.75 లక్షల జీతం వరకు పన్నే పడదు. మూడు ఆఫర్లలో ఏదైనా మీకు పన్ను సున్నా. హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు, ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ ఖర్చు) మినహాయింపు కొత్త విధానంలో అసలే లేవు. కిరాయి రసీదులు, ఎల్‌టీఏ బిల్లులు అంటూ చెప్పేవి పాత విధానంలో ఉన్నవాళ్ల లెక్క.

పీఎఫ్ దగ్గర చూడాల్సింది

మడికొండ కంపెనీ పూర్తి బేసిక్ మీద 12% కడుతోంది, హైదరాబాద్‌ది 15,000 పరిమితి మీదే 12%, అంటే 1,800 కడుతోంది. రెండూ చట్టబద్ధమే. బేసిక్ పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. బేసిక్ 30,000 అయినప్పుడు ఒకరు 3,600 వేస్తారు, ఇంకొకరు అదే 1,800 దగ్గర ఆగుతారు. అందుకే "పూర్తి బేసిక్ మీదనా, సీలింగ్ మీదనా" అన్నది అడగాల్సిన మొదటి ప్రశ్న. మడికొండలో జీతం పెరిగాక సీలింగ్‌కు మారుస్తారా అని కూడా అడగండి, కొందరు మారుస్తారు.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. మామూలుగా యజమాని 12% వాటాలోంచి 8.33% పెన్షన్ పథకానికి వెళ్తుంది, గరిష్ఠంగా నెలకు 1,250. కానీ 2014 సెప్టెంబరు 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరినవాళ్ల బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి చేరేనాటికే 15,000 దాటితే వాళ్లు పెన్షన్ పథకంలోకి రారు. యజమాని వాటా మొత్తం పీఎఫ్ ఖాతాకే పోవాలి. మీ మొదటి రెండు ఆఫర్లూ ఈ కోవలోవే. హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌లో పాత సెట్టింగు వల్ల 1,250 పెన్షన్‌లోకి పోతూనే ఉండొచ్చు, ఎవరికీ పట్టదు. ఏళ్ల తర్వాత డబ్బు తీసుకునేటప్పుడో, ఖాతా బదిలీ అప్పుడో క్లెయిమ్ ఆగిపోతుంది. అప్పుడు సరిచేయించడమంటే పాత కంపెనీ సంతకాల కోసం తిరగడమే. మొదటి మూడు నెలల్లో పాస్‌బుక్ తెరిచి పెన్షన్ గడిలో సున్నా ఉందో లేదో చూడండి. పెన్షన్ వద్దా అంటారేమో. పదేళ్ల సర్వీసు, 58 ఏళ్ల వయసు నిండాక వచ్చే ఆ పెన్షన్ చిన్న మొత్తమే, అదీ మీరు ఎంచుకునేది కాదు, నిబంధన చెప్పేది.

ప్రతి నెలా 15వ తేదీలోపు అంతకుముందు నెల పీఎఫ్ జమ కావాలి. జీతం చీటీలో కోత కనబడి పాస్‌బుక్‌లో కనబడకపోతే రెండో నెలలోనే మెయిల్ పెట్టండి. వరంగల్‌లోనే పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం ఉంది, ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు. నామినీ పేరు చేరిన వారంలోనే ఎక్కించండి. పీఎఫ్‌తోపాటు వచ్చే ఈడీఎల్ఐ బీమా గరిష్ఠంగా ఏడు లక్షలు, దానికి మీ జీతంలోంచి పైసా కోయరు. నామినీ లేకపోతే ఆ డబ్బు కోసం ఇంట్లోవాళ్లు వారసత్వ పత్రాలు పట్టుకుని తిరగాల్సి వస్తుంది.

ఇన్సూరెన్సు: మొత్తం కంటే గది కిరాయి ముఖ్యం

"మూడు లక్షల కవర్" అన్న మాట చూసి ఆగిపోవద్దు. పాలసీలో గది కిరాయి పరిమితి ఎంత అని అడగండి. 1% అంటే మూడు లక్షల పాలసీకి రోజుకు 3,000. మీరు 5,000 గది తీసుకుంటే కోత గది కిరాయితో ఆగదు, డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ చార్జీలన్నీ అదే నిష్పత్తిలో తెగుతాయి. నాలుగు రోజులకు లక్ష బిల్లు అనుకుందాం: గది 20,000, డాక్టర్లు, థియేటర్ వగైరా 60,000, మందులు, పరీక్షలు 20,000. మొదటి రెండింట్లో 60 శాతమే వస్తుంది, అంటే 12,000, 36,000. మందులు, పరీక్షల మీద ఈ కోత పెట్టకూడదు కాబట్టి ఆ 20,000 పూర్తిగా. మొత్తం 68,000 వచ్చి 32,000 మీ నెత్తిన పడుతుంది. లక్ష బిల్లు, మూడు లక్షల పాలసీ, అయినా ఇంత పోయింది. కారణం గది ఒక్కటే. దవాఖానలో చేరేటప్పుడు కౌంటర్ దగ్గర "మా పాలసీలో గది పరిమితి మూడు వేలు, అందులోపే ఇవ్వండి" అని ముందే చెప్పాలి.

ఇంకో మూడు చూడండి. హన్మకొండలో మీ ఇంట్లోవాళ్లు వెళ్లే దవాఖాన నెట్‌వర్క్ జాబితాలో ఉందా? హైదరాబాద్‌లో రెండొందల దవాఖానలున్నా, నాన్నకు రాత్రిపూట ఛాతీనొప్పి వస్తే ముందు వెళ్లేది ఇక్కడికే. తల్లిదండ్రులకు పాత జబ్బులకు మొదటి రోజు నుంచే కవర్ ఉందా? గ్రూప్ పాలసీల్లో మామూలుగా ఉంటుంది, వ్యక్తిగత పాలసీల్లో ఏళ్ల నిరీక్షణ ఉంటుంది, గ్రూప్ పాలసీ అసలు విలువ అక్కడే. తల్లిదండ్రుల బిల్లులో కో-పే ఉందా? 20% కో-పే అంటే లక్షలో ఇరవై వేలు మీవి.

కొలువు వదిలిన రోజే ఈ పాలసీ ఆగిపోతుంది. అందుకే పాతికేళ్ల వయసులో, ఆరోగ్యం బాగున్నప్పుడే మీ పేరు మీద చిన్న వ్యక్తిగత పాలసీ ఒకటి వేరుగా తీసుకోవడం మంచిది. మీ ఇంట్లో ఆహార భద్రత కార్డు ఉంటే రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏడాదికి పది లక్షల వరకు కవర్ ఉంది. 2023 డిసెంబరులో ఐదు నుంచి పది లక్షలకు పెంచారు. దాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి.

గ్రాట్యుటీ, బోనస్, సెలవులు

సీటీసీలో చూపిన గ్రాట్యుటీ, 842 అయినా 1,082 అయినా, ఐదేళ్లు నిండకుండా మానేస్తే రాదు. లెక్క సులువే: చివరి నెల బేసిక్, డీఏని 15తో గుణించి 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా తీసుకుంటారు. రెండు మూడేళ్లలో మారే ఆలోచన ఉంటే ఆ అంకెను సీటీసీలోంచి కొట్టేసి చూడండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో ఒక మార్పు ఉంది: నిర్ణీత కాలపు ఒప్పందం మీద చేరినవాళ్లకు ఏడాది నిండితే చాలు, దామాషా ప్రకారం గ్రాట్యుటీ వస్తుంది. మీ లెటర్‌లో నియామకం ఏ రకమో చూసుకోండి. అదే కోడ్‌ల ప్రకారం అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా వేతనం కింద కలిపి లెక్కించాలి. బేసిక్ ముప్పై శాతమే చూపి గ్రాట్యుటీ తగ్గించే పాత ఎత్తు ఇక సాగదు. మీ రెండు ఆఫర్లలో బేసిక్ యాభై శాతం ఉండటానికి కారణం అదే.

బోనస్ చాలామంది మరిచిపోతారు. బేసిక్, డీఏ కలిపి 21,000 లోపు ఉన్నవాళ్లకు కనీసం 8.33% బోనస్ ఇవ్వాలి. దాన్ని 7,000 మీద గానీ కనీస వేతనం మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద లెక్కగడతారు. 17,500 బేసిక్ ఉన్న మడికొండ ఆఫర్‌కు ఇది వర్తించాలి, 22,500 ఉన్న హైదరాబాద్‌కు వర్తించదు. ఏడువేల లెక్కన చూసినా ఏడాదికి సుమారు ఏడు వేలు. మడికొండ పత్రంలో ఆ గడి కనిపించలేదు. విడిగా ఇస్తారా, స్పెషల్ అలవెన్సులోనే కలిపేశారా అని అడగండి.

సెలవుల్లో కంపెనీ కంపెనీకి పెద్ద తేడా ఉండేది సంఖ్యలో కాదు, మిగిలినవాటిని ఏం చేస్తారనే దాంట్లో. మన దగ్గర అమలైన దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే 15 సంపాదిత సెలవులు, వాటికి తోడు 12 క్యాజువల్, 12 సిక్ లీవులు. ఆఫర్‌లో మొత్తం 24 సెలవులని గొప్పగా రాస్తే అది చట్టం ఇచ్చేదానికంటే తక్కువే. మిగిలిన సంపాదిత సెలవులు తర్వాతి ఏడాదికి వస్తాయా, పైసలిస్తారా, డిసెంబరు 31న మురిగిపోతాయా అని రాతలో తీసుకోండి. పదిహేను రోజుల సెలవు అంటే సగం నెల జీతం, బేసిక్ మీదే లెక్కగట్టినా మడికొండలో 8,750, హైదరాబాద్‌లో 11,250.

సింగరేణి బాబాయికి ఎందుకున్నాయి, మీకు ఎందుకు లేవు

యెల్లందుతో మొదలై కొత్తగూడెం, బెల్లంపల్లి, గోదావరిఖని, భూపాలపల్లి దాకా గనులు తెరిచిన చోట్ల ఊరే లేదు. మనుషులు వచ్చి ఉండాలంటే కంపెనీయే ఇల్లు, కరెంటు, దవాఖాన, బడి పెట్టాల్సి వచ్చింది. అదే రామగుండం ఎన్టీపీసీ జ్యోతినగర్ కాలనీ కథ కూడా. దానికి తోడు గనిలో ప్రమాదం, బలమైన యూనియన్లు. బొగ్గు కార్మికుల జీతాలు జాతీయ వేతన ఒప్పందంతో నడుస్తాయి, పదకొండో ఒప్పందం 2021 జులై 1 నుంచి లెక్క. ఒక్కో సౌకర్యం వెనక ఒక సంతకం ఉంది, ఏ మేనేజరూ మెయిల్‌తో తీసేయలేడు. లాభాల్లో వాటా మాత్రం ఏటా ప్రకటించేది: 2023-24కు 33%, 2024-25కు 34%. సీటీసీ షీటు ఉండి ఉంటే అందులో ఎక్కడా కనిపించని పెద్ద సౌకర్యం ఇంకొకటి, కారుణ్య నియామకం. దానికి ఏ ఇన్సూరెన్సు పాలసీ సరితూగదు.

కానీ అదే గనిలో కాంట్రాక్టు కార్మికుడి లెక్క చూడండి. 2023-24 లాభాల నుంచి వాళ్లకు మొదటిసారి తలా 5,000 ఇచ్చారు, తర్వాతి ఏడాది 5,500. పక్కనే పనిచేసే పర్మినెంటు కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలకు పైగా వచ్చింది. చదువు, పని, చోటు ఒకటే. సౌకర్యాలు వచ్చేది పనిని బట్టి కాదు, మీ పేరు ఎవరి హాజరు పట్టీలో ఉందనే దాన్ని బట్టి. మీ మూడో ఆఫర్‌కు ఇది నేరుగా తగులుతుంది, దాని గురించి కింద రాశాను.

క్వార్టరు ఉచితం అనేది కూడా సగమే నిజం. క్వార్టరు తీసుకుంటే హెచ్‌ఆర్‌ఏ పోతుంది. రాష్ట్ర ఉద్యోగికి వరంగల్‌లో హెచ్‌ఆర్‌ఏ 17%, ఇక్కడే ఎన్ఐటీలో పనిచేసే కేంద్ర స్కేలు ఉద్యోగికి వై కేటగిరీ నగరం కింద 20%. ముప్పై వేల బేసిక్ మీద ఒకరికి 5,100, ఇంకొకరికి 6,000. అంటే క్వార్టరుకు వాళ్లు కట్టే అసలు కిరాయి అదే. ఊళ్లో సొంతిల్లున్నవాళ్లకు క్వార్టరు నష్టం. కంపెనీ ఇచ్చే ఇంటికి పన్ను లెక్క కూడా ఉంటుంది: 2011 జనాభా ప్రకారం 15 లక్షల లోపు ఊళ్లలో జీతంలో 5%, హైదరాబాద్‌లాంటి చోట 10% పెర్క్విజిట్‌గా (సౌకర్యం విలువగా) పన్ను పడే ఆదాయానికి కలుపుతారు. వరంగల్, రామగుండం 5% లోకే వస్తాయి.

మీ రైల్వే దోస్తు పాసుల గురించి చెప్పినప్పుడు ఒకటి అడగండి, ఏడాదికి ఎన్ని సెట్లని. గ్రూప్ సీలో మొదటి ఐదేళ్లు ఒకే సెట్ (పోను, రాను కలిపి), తర్వాత మూడు. వీటికి తోడు మూడోవంతు చార్జీతో ప్రయాణించే పీటీవోలు నాలుగు. దసరా ముందు వచ్చే 78 రోజుల బోనస్ వినడానికి రెండున్నర నెలల జీతంలా ఉంటుంది, కానీ లెక్కకు తీసుకునేది నెలకు 7,000 మాత్రమే కాబట్టి గరిష్ఠం 17,951. కాజీపేటలో ఉండి ఏటా కాశీకో తిరుపతికో కుటుంబంతో పోయేవాళ్లకు పాసు విలువైనదే, కదలనివాళ్లకు కాగితమే. అతని అసలు లాభం వేరే ఉంది: పెన్షన్ ఖాతాలో బేసిక్, డీఏ మీద ప్రభుత్వం వేసే 14%, రైల్వే దవాఖాన, స్థిరమైన సర్వీసు. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన రాష్ట్ర ఉద్యోగులకు సీపీఎస్‌లో (ఉద్యోగి, ప్రభుత్వం వాటాలతో నడిచే పెన్షన్ పథకం) ప్రభుత్వ వాటా 10% మాత్రమే. ఈ నాలుగు శాతం తేడా గురించి పెళ్లి సంబంధాలప్పుడు ఎవరూ అడగరు గానీ, ముప్పై ఏళ్లకు పెద్ద మొత్తమే అవుతుంది.

మూడో ఆఫర్: అవుట్‌సోర్సింగ్

22,750 అనేది 2021 జూన్‌లో వచ్చిన జీవో 60లోని పై మెట్టు. మిగతా రెండు మెట్లు 19,500, 15,600. ఇక్కడ ఒక చిత్రముంది. ఈఎస్ఐ పరిమితి నెలకు 21,000. 19,500 వచ్చే మనిషికి 0.75%, అంటే 147 కోసి కుటుంబం మొత్తానికి వైద్యం, జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల వరకు 70% వేతనం దొరుకుతాయి. 22,750 వచ్చే మీకు అది లేదు, గ్రూప్ పాలసీ లేదు, సర్కారు ఉద్యోగుల ఆరోగ్య పథకమూ లేదు. చేతికొచ్చేది, పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోగా, 20,750. జీవో మారేదాకా ఇంక్రిమెంటు లేదు.

చేరాలనే అనుకుంటే ఇవి చూడండి. యజమాని పీఎఫ్ వాటాను 22,750 లోంచే కోస్తారా, పైన విడిగా కడతారా అని ఏజెన్సీని రాతలో అడగండి. రెండు వాటాలూ మీ జీతంలోంచే కోయడం అడుగడుగునా కనిపించే మోసం, చట్టం దాన్ని ఒప్పుకోదు. ఏజెన్సీ మారినప్పుడు పాత యూఏఎన్ (కొలువు మారినా మారని పీఎఫ్ నంబరు) నంబరే ఇవ్వాలి, కొత్తది తీయనివ్వొద్దు. పాత ఏజెన్సీ నుంచి నిష్క్రమణ తేదీ నమోదు కాకపోతే ఆ ఖాతా బదిలీకి చిక్కొస్తుంది. ఏజెన్సీ మారితే గ్రాట్యుటీ సర్వీసు తెగిపోయిందని వాదిస్తారు, అందుకే ప్రతి ఏజెన్సీ నియామక పత్రం దాచుకోండి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే చెల్లించే బాధ్యత పని చేయించుకునే సంస్థ మీద ఉంటుంది, కాబట్టి జీతం ఆగితే అర్జీ ఏజెన్సీకే కాదు, ఆఫీసుకూ రాసి రసీదు తీసుకోండి. ఒక ఊరించే మాట మాత్రం నమ్మొద్దు: "రేపో మాపో రెగ్యులరైజ్ చేస్తారు." అది సౌకర్యం కాదు, ఆశ. లెక్కలో దానికి గడి లేదు.

ప్రైవేటు దవాఖాన నర్సులు, హన్మకొండ ప్రైవేటు బడుల టీచర్లు ఇది చదువుతుంటే వాళ్లకొక మాట. హాస్టల్, భోజనం ఉచితమని చెప్పి జీతం చీటీలో కోత పెడితే అది ఉచితం కాదు. కోతలన్నీ కలిపి వేతనంలో సగం దాటకూడదు. పిల్లలకు ఫీజు రాయితీ అనేది మీ పిల్లలు అదే బడిలో చదివితేనే విలువైనది, మీరు కొలువు మానేస్తే ఏడాది మధ్యలో పూర్తి ఫీజు అడుగుతారా అనేది ముందే తేల్చుకోవాలి. ఏ కొలువుకైనా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టొద్దు. చూపించి, జిరాక్సులిచ్చి వెనక్కి తెచ్చుకోండి.

మీ విషయానికొస్తే, మడికొండ హెచ్‌ఆర్‌కు ఫోన్ చేయొద్దు, మెయిల్ పెట్టండి. ఈ ప్రశ్నలు చాలు: పీఎఫ్ పూర్తి బేసిక్ మీద కొనసాగుతుందా, ఇన్సూరెన్సులో తల్లిదండ్రులకు గది పరిమితి, కో-పే ఎంత, ప్రీమియంలో మీ వాటా ఉందా, చట్టబద్ధ బోనస్ విడిగా ఇస్తారా, మిగిలిన సెలవులు ఏమవుతాయి, నోటీసు ఎన్ని రోజులు, శిక్షణ బాండ్ ఉందా. హైదరాబాద్ వాళ్లను వేరియబుల్ గురించే అడగండి: గత రెండేళ్లు మీ స్థాయి ఉద్యోగులకు వేరియబుల్ ఎంత శాతం చెల్లించారు, అది మూడు నెలలకా ఏడాదికా, చెల్లించే తేదీ నాటికి ఉద్యోగంలో ఉండాలనే షరతు ఉందా. సూటిగా శాతం చెప్పకుండా "పర్ఫార్మెన్సును బట్టి" అంటే సగమే వస్తుందనుకుని పై లెక్క మళ్లీ వేయండి. తొంభై శాతం పైన వస్తుందని రాతలో ఇస్తే, తల్లిదండ్రులను కంపెనీ పాలసీలో అదనంగా చేర్చే వీలుందా అని బేరమాడొచ్చు. చాలా కంపెనీలు ఉద్యోగి ప్రీమియం కట్టుకుంటే చేరుస్తాయి, బయట కొనేదానికంటే అది చవకే.